నల్లపావులు పట్టుకున్న బిడ్డకు

బీబీపేట

బిడ్డా,

అమ్మమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా నీ ముచ్చటే తీస్తోంది. హాస్టల్ తిండి పడుతోందో లేదో రాయమని మరీ మరీ చెప్పింది.

కామారెడ్డి పోటీలో ఓడిన ఆట స్కోర్ షీటును ఉత్తరంతో పాటు పంపావు. మంచి పని చేశావు. గెలిచిన ఆట అందరూ చూపిస్తారు. పదహారు ఎత్తుల్లో ఆటకట్టయిన ఆటను ఒక్క ఎత్తు దాచకుండా రాసి పంపాలంటే గుండె కావాలి. కానీ ఉత్తరం చివర ఒక మాట రాశావు: 'ఇక ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడను మామా, అది పిరికోళ్ల ఆట అని అక్కడ అందరూ అన్నారు.' ఆ ఒక్క మాట కోసమే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. నిన్ను ఫ్రెంచ్ డిఫెన్స్ ఓడించలేదు. నువ్వు దాన్ని సగమే ఆడావు. కాచుకునే సగం ఆడి, తిరగబడే సగం వదిలేశావు. రక్షణ ఓపెనింగులన్నింటికీ ఈ రెండు సగాలూ ఉంటాయి. రెండో సగం లేకపోతే మొదటి సగం ఎంత చక్కగా కట్టినా నిలబడదు.

బల్ల పరిచి, పావులు పెట్టి, నాతో పాటు ఆడుతూ చదువు.

తెల్లబంటు ఇ4, నీ బంటు ఇ6. అటు డి4, ఇటు డి5. తెల్లగుర్రం సి3కి వచ్చింది, నీ గుర్రం ఎఫ్6కి వచ్చింది. ఈ వరసనే క్లాసికల్ వేరియేషన్ అంటారు. నాలుగో ఎత్తులో తెల్లబంటు ఇ5కి దూసుకొచ్చి నీ గుర్రాన్ని తరిమింది, అది డి7కి తగ్గింది. వాళ్ల రెండో గుర్రం ఎఫ్3కి రాగానే నువ్వు సి5 కొట్టావు. శెభాష్. వాళ్లు డి4 బంటుతో దాన్ని తీసుకున్నారు. నువ్వు రెండో గుర్రాన్ని సి6కి తెచ్చావు. తెల్ల ఒంటె ఎఫ్4కి వచ్చి ఇ5 బంటుకు కాపుగా నిలబడింది. నీ ఒంటె సి5లో ఉన్న బంటును తీసుకుంది. ఎనిమిదో ఎత్తుగా వాళ్ల రెండో ఒంటె డి3కి వచ్చింది. అక్కడ నువ్వు రాజును దాచి కోట కట్టావు.

ఆ కోట కట్టే ముందు బల్లను ఒక్కసారి నిదానంగా చూడాల్సింది. డి3 ఒంటె చూపు తిన్నగా హెచ్7 మీద ఉంది. ఎఫ్3 గుర్రానికి జి5 ఒక్క దూకు దూరం. ఆ గుర్రం కదలగానే మంత్రికి డి1 నుంచి హెచ్5 దాకా దారి తెరుచుకుంటుంది. ఎఫ్4 ఒంటె జి5 గడికి కాపుగా ఉంది. కాబట్టి గుర్రం అక్కడికి దూకితే నీ మంత్రితో చంపినా మంత్రినే పోగొట్టుకుంటావు. ఇవన్నీ ఒక ఎత్తైతే, మామూలుగా హెచ్7కు కాపలా ఉండే నీ గుర్రం ఎఫ్6లో లేదు. ఇ5 బంటు దాన్ని ఎప్పుడో తరిమేసింది. తిరిగి ఆ గడికి రానివ్వదు కూడా. నీ రాజు కోటలోకి వెళ్లాడు కానీ ఆ కోటకు కావలి లేదు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. ఒంటె హెచ్7 బంటును చంపి చెక్ ఇచ్చింది, రాజుతో చంపావు. గుర్రం జి5కి వచ్చి చెక్, రాజు జి8కి. మంత్రి హెచ్5కి వచ్చింది. నువ్వు రాజుకు దారి చేద్దామని ఏనుగును ఇ8కి జరిపావు. మంత్రి ఎఫ్7 బంటును తీసి చెక్, రాజు హెచ్8. మంత్రి హెచ్5 చెక్, రాజు జి8. హెచ్7 చెక్, ఎఫ్8. హెచ్8 చెక్, ఇ7. జి7 బంటును తీసి ఆటకట్టు. చివరి బొమ్మను బాగా చూడు. నీ రాజు చుట్టూ నీ పావులే నిలబడి దారులు మూశాయి. మిగిలిన గడుల్లో ఎఫ్7నూ ఎఫ్8నూ మంత్రి కాసింది, డి6నూ ఎఫ్6నూ ఆ ఇ5 బంటు కాసింది. నాలుగో ఎత్తులో వచ్చిన బంటు పదహారో ఎత్తులో పని పూర్తి చేసింది.

ఇది కొత్త ఉపాయం కాదు బిడ్డా. హెచ్7 మీద ఒంటెను బలిచ్చే ఈ దాడిని గ్రీకు కానుక అంటారు. ఇటలీ ఆటగాడు గ్రెకో 400 ఏళ్ల కిందటే తన రాతల్లో దీన్ని చూపించాడు. ఆయన రాసిన ఆటలోనూ నల్లపావుల మొదటి ఎత్తు ఇ6. అంటే ఈ ఓపెనింగ్ ఎంత పాతదో దాని మీద కాచుకుని ఉన్న ఉచ్చు కూడా అంత పాతది. దీని మీద ఓడినవాళ్ల వరుస చాలా పొడుగు. ఆ వరుసలో ఒకసారి నిలబడ్డందుకు సిగ్గు అక్కర్లేదు. ఇక మళ్లీ నిలబడకుండా ఉంటే చాలు.

మరి ఎనిమిదో ఎత్తుగా ఏం ఆడాలి? ఎఫ్6. కోటకు ముందు ఆ బంటును ఒక్క గడి తోయాలి, అంతే. ఇ5 బంటు దాన్ని తీసుకుంటే నీ గుర్రం డి7 నుంచి లేచి ఎఫ్6లో కూర్చుంటుంది, హెచ్7కు కాపు తిరిగొస్తుంది. తర్వాత కోట కట్టినప్పుడు ఎఫ్ వరుస సగం తెరుచుకుని నీ ఏనుగుకు దారి అవుతుంది. ఊపిరాడనివ్వని బంటు పోయింది, గుర్రం బతికింది, ఏనుగు పనిలోకి దిగింది. నీ ఇ6 బంటు కాస్త బలహీనపడుతుంది, నిజమే. ఆ వెల ఇవ్వాల్సిందే. ఉచితంగా వచ్చే ఎత్తులు చదరంగంలో లేవు.

ఇప్పుడు ఫ్రెంచ్ డిఫెన్స్ లోపలి సంగతి చెప్తాను. మొదటి ఎత్తులోనే నువ్వు బల్ల మధ్యలో చోటును అవతలివాళ్లకు ఇస్తున్నావు. వాళ్ల డి4, ఇ5 బంట్లు గొలుసులా పాతుకుంటాయి. నిమ్జోవిచ్ అనే మహా ఆటగాడు 1925లో తెచ్చిన 'మై సిస్టమ్' పుస్తకంలో ఈ బంట్ల గొలుసు గురించి చాలా చెప్పాడు. గొలుసును దాని మొదలు దగ్గర కొట్టాలి అన్నది అందులో ముఖ్యమైన పాఠం. నువ్వు ఆడిన సి5 సరిగ్గా అదే, డి4 మీద దెబ్బ. డి4 బంటు సి5ను తీసుకోవడంతో గొలుసు మొదలు తెగిపోయింది. ఇక మిగిలింది కొస, ఇ5. దాని మీద కొట్టే దెబ్బ ఎఫ్6. రెండు దెబ్బల్లో ఒకటి కొట్టి రెండోది మరిచిపోయావు కాబట్టే సగం ఆడావని అన్నాను.

మన చెరువు నీకు తెలుసు. కట్ట ఎంత గట్టిగా పోసినా అలుగు లేని చెరువు ఒక్క పెద్దవానకు తెగిపోతుంది. కట్ట నీళ్లను ఆపుతుంది, అలుగు కట్టను కాపాడుతుంది. నీ ఇ6, డి5 బంట్లు కట్ట. సి5, ఎఫ్6 అలుగులు. వాన మొదలయ్యాక అలుగు తవ్వుదామంటే కుదరదు.

ఇక 'పిరికోళ్ల ఆట' అన్న మాటకొస్తాను. దానికి ఫ్రెంచ్ అన్న పేరు వచ్చిందే ఒక గెలుపుతో. 1834లో లండన్, పారిస్ నగరాల ఆటగాళ్లు ఉత్తరాల మీద చదరంగం ఆడటం మొదలుపెట్టారు. లండన్ వాళ్లు ఇ4 ఆడితే పారిస్ వాళ్లు ఇ6తో జవాబిచ్చి గెలిచారు. 2000లో లండన్‌లో కాస్పరోవ్ ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నప్పుడు ఎదుట ఉన్న క్రామ్నిక్ ఆయుధం బెర్లిన్ డిఫెన్స్ అనే ఇంకో పాత రక్షణ. ఆ రోజుల్లో ప్రపంచంలోనే భయంకరమైన దాడి కాస్పరోవ్‌ది. పదిహేను ఆటల్లో ఒక్కటీ గెలవలేకపోయాడు. ఎనిమిది ఎత్తులకే మంత్రులు రెండూ బల్ల దిగిపోతాయి ఆ ఓపెనింగులో. దాడి చేసేవాడి చేతిలోంచి కత్తి లాక్కోవడానికి ధైర్యం కావాలా వద్దా, నువ్వే చెప్పు.

ఇంకా దగ్గరి ముచ్చట ఉంది. 2024 నవంబర్ 25న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి ఆట. తెల్లపావులు మన గుకేశ్‌వి, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి పిల్లవాడు. నల్లపావులు అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌వి. ఆ ఏడాది జనవరి తర్వాత డింగ్ ఎక్కువ సమయం ఉండే క్లాసికల్ ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. అతని పని అయిపోయిందని లోకమంతా అనుకుంటోంది. అలాంటి మనిషి, అంత పెద్ద వేదిక మీద, మొదటి ఎత్తుగా ఏం ఆడాడో తెలుసా? ఇ6. మొదటి నాలుగు ఎత్తులు అచ్చంగా నీ కామారెడ్డి ఆటలోవే. ఇ5 బంటు వచ్చింది, గుర్రం డి7కి తగ్గింది. తర్వాత గుకేశ్ ఎఫ్4 ఆడితే డింగ్ సి5 కొట్టాడు. గుకేశ్ రాజు పక్క బంట్లను ముందుకు తోసి దాడికి దిగాడు. డింగ్ తొందరపడలేదు, ముడుచుకోనూ లేదు. అదను చూసి తిరగబడ్డాడు. 42 ఎత్తుల్లో గుకేశ్ ఓడిపోయాడు.

ఇక్కడి నుంచి నువ్వు గుకేశ్‌ను చూడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు జీవితంలో అతి పెద్ద పోటీలో మొదటి ఆటే, అదీ తెల్లపావులతో, ఓడాడు. మూడో ఆట గెలిచి సమం చేశాడు. పదకొండోది గెలిచాడు, పన్నెండోది ఓడాడు. పదమూడో ఆటకు మళ్లీ తెల్లపావులు అతనివే. అతను మళ్లీ ఇ4 ఆడాడు, డింగ్ మళ్లీ ఫ్రెంచ్ డిఫెన్సే పెట్టాడు. తనను కొట్టిన ఓపెనింగ్ ఎదురుగా మళ్లీ కూర్చుంటుందని తెలిసి కూడా గుకేశ్ పక్కదారి పట్టలేదు. ఆ ఆట డ్రా అయింది. మర్నాడు, డిసెంబర్ 12న, పద్నాలుగో ఆటను నల్లపావులతో గెలిచి లోకంలోనే పిన్న వయసు ఛాంపియన్ అయ్యాడు. అతనికి తెర వెనక ఎత్తులు తయారు చేసిపెట్టిన జట్టులో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడు.

అదే డిసెంబర్‌లో ఇంకొకటి జరిగింది, అది నీలాంటి ఆడపిల్లలు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన సంగతి. న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీ. గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి మొదటి రౌండే ఓడిపోయింది. 2002లోనే, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషి, 2019లో ఇదే పోటీ గెలిచిన మనిషి. సర్దుకుని ఇంటిదారి పడితే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు చేసి రెండోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆఖరి రౌండులో ఆమె చేతిలో ఉన్నవీ నల్లపావులే.

మన ఇద్దరు ప్రపంచ విజేతలూ మొదటి ఆట ఓడి, ఒకే నెలలో చివరి ఆట నల్లపావులతో గెలిచారు. నీకు వరంగల్ ఆటగాడు అర్జున్ అంటే ఇష్టం, నాకు తెలుసు. 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలోనే 2800 దాటిన ఆ దూకుడు నాకూ ఇష్టమే. ఎవరి ఆటనైనా ఇష్టపడు. నల్లపావులు అంటే తక్కువవాళ్లకు వచ్చే పావులు అన్న ఆలోచన మాత్రం మనసులోకి రానివ్వకు.

ఇక చేయాల్సిన పని చెప్తాను.

ఓడిన ఆటలకు ఒక నోటుబుక్ పెట్టు. ఎడమ పేజీలో ఎత్తులు, కుడి పేజీలో నీ మాటలు. ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నావో, దేనికి భయపడ్డావో, ఏది చూడలేదో రాయి. అది రాసేదాకా ఫోన్‌లో చదరంగం ఇంజిన్ తెరవకు. ఇంజిన్ ఎనిమిదో ఎత్తు తప్పని ఒక్క క్షణంలో చెప్తుంది. కోట కడితే రాజు భద్రం అని నువ్వు ఎందుకు నమ్మావో మాత్రం చెప్పలేదు. ఆ నమ్మకాన్ని నువ్వే పట్టుకోవాలి. లేకపోతే అది ఇంకో ఓపెనింగులో ఇంకో రూపంలో మళ్లీ వస్తుంది.

బల్ల ముందు కూర్చున్నప్పుడు పావు మీద చెయ్యి వేసే ముందు రెండు ప్రశ్నలు అడుగు. ఈ పావు కదిలితే ఏ గడికి కాపు పోతుంది? నా రాజు వైపు వాళ్ల పావులు ఎన్ని చూస్తున్నాయి, నావి ఎన్ని కాస్తున్నాయి? కామారెడ్డిలో ఎనిమిదో ఎత్తు ముందు ఈ లెక్క వేసి ఉంటే ఆ కోట కట్టేదానివి కాదు.

ఫ్రెంచ్ ఆడేవాళ్ల పాత బాధ ఒకటుంది, దాన్ని ముందే తెలుసుకో. సి8లోని నీ ఒంటె ఇ6 బంటు వెనక చిక్కుపడుతుంది, చాలా ఆటల్లో చివరిదాకా ఊరికే నిలబడుతుంది. దాన్ని మరిచిపోకు. బి6 ఆడి ఎ6కి తెచ్చి వాళ్ల మంచి ఒంటెతో మార్చుకునే వీలుందా, ఎఫ్6 ఆడాక డి7, ఇ8 మీదుగా హెచ్5కి పంపే వీలుందా అని ప్రతి ఆటలో వెతుకు. నీ బలగంలో అందరికంటే ఇరుకున ఉన్న పావుకు పని చూపించడం నేర్చుకుంటే ఈ ఓపెనింగ్ సగం వచ్చినట్టే.

ఎత్తులు బట్టీ పట్టకు. అవతలివాళ్లు పుస్తకం దాటిన మరుక్షణం బట్టీ చదువు చెయ్యి వదిలేస్తుంది. దాని బదులు ఒకే స్థితిని రెండు వైపుల నుంచీ ఆడు. తెల్లపావులు పట్టి ఫ్రెంచ్ మీద దాడి చెయ్యి. నీకు నచ్చిన దాడులు ఏవో తెలిస్తే నీకు రాబోయే దాడులు ఏవో తెలుస్తాయి.

చివరి దశ ఆట నేర్చుకో. రక్షణ ఆడేవాళ్లకు ఆట పొడుగవుతుంది, పావులు పలచబడతాయి. అప్పుడు రాజు, బంట్ల లెక్క రానివాళ్లు అంతసేపు కాచుకున్నదంతా పోగొట్టుకుంటారు. సింగపూర్ పద్నాలుగో ఆటలో డింగ్ ఓడింది ఓపెనింగులో కాదు, 55వ ఎత్తులో. డ్రా చేసుకోగల చోట ఏనుగును ఎఫ్2కి తెచ్చి మార్పిడికి వీలిచ్చాడు. ఏనుగులూ ఒంటెలూ పోయి బంట్లు మిగిలితే ఆట గుకేశ్‌ది. అతను అది చూశాడు. ప్రపంచ కిరీటం చివరికి ఒక బంటు లెక్క మీద చేతులు మారింది. నువ్వు రోజూ పడుకునే ముందు ఒక్క రాజు, రెండు మూడు బంట్ల సమస్య సాధించు. ఫోన్‌లో మూడు నిమిషాల ఆటలు వారం రోజులు మానేసినా నష్టమేమీ లేదు.

రేపెప్పుడో నీకు సిసిలియనో, కారో–కానో నచ్చితే హాయిగా మారు. దేన్ని ఆడినా ఇదే నియమం: చోటు ఇచ్చినచోట దెబ్బ కొట్టే సమయం కూడా నీదై ఉండాలి. కానీ ఓడిన రోజు ఓపెనింగ్ మార్చకు. ఓడిన ఓపెనింగులో ఒక మంచి ఆట గెలిచి, అప్పుడు మార్చు. కోపంతో వదిలిన చదువు ఇంకెక్కడా పనికిరాదు. అర్థం చేసుకుని వదిలిన చదువు ఎప్పుడూ తోడుంటుంది.

అక్కకూ బావకూ నేను అడిగానని చెప్పు. పోటీ ఓడావని ఇంట్లో ఎవరైనా ఏమైనా అంటే పరేషాన్ కాకు, ఈ ఉత్తరం చదివి వినిపించు. వచ్చే నెల పోటీలో ఎవరైనా ఇ4 ఆడితే ఇ6తోనే జవాబివ్వు. సి5 కొట్టాక ఎఫ్6 సంగతి చూసుకున్నాకే కోట కట్టు. గెలిచినా ఓడినా స్కోర్ షీట్ నాకు పంపు. దసరాకు నువ్వొచ్చినప్పుడు తెల్లపావులు నీవి, ఫ్రెంచ్ నాది. హెచ్7 మీద ఒంటెను బలిచ్చి నన్ను ఓడించగలవేమో చూద్దాం. దానికీ తయారై రా.

ప్రేమతో,
మామ